గమ్మున

తెల్లవారుజామున మూడున్నరకి
చెరువులో గాలి అయిపోతుంది.
పగలంతా ఊపిరి పంచిన పాచే
రాత్రయ్యేసరికి ఎదురు తాగుతుంది.
వనామీ రొయ్య అరవదు.
గట్టు పక్కకొచ్చి, మీసాలు పైకెత్తి
గమ్మున తేలుతుంది.

దానికోసం నేనొక ప్రోగ్రాం రాశాను,
ఇందుకూరుపేటలో, మేడమీద రేకుల గదిలో,
రెండు వేసవులు.
నీళ్లలో ఒక కడ్డీ, గట్టుమీద అరచేతంత పెట్టె,
ఆక్సిజన్ మూడుకి దిగితే ఫోను మోగుతుంది. అంతే.
కోడంతా బయటే పెట్టాను.
ఎవరైనా తీసుకోవచ్చు, విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు,
అమ్ముకున్నా అడగను.
తలుపు తీసిపెట్టాను కదా,
ఇక పిలవడం దేనికి అనుకున్నాను.

వియత్నాం నుంచి ఎవరో ఒకాయన
ఉప్పు లెక్కలో నా తప్పు దిద్ది పంపాడు.
ఆ రాత్రి సంతోషంతో అన్నం తినలేదు.
మూడు గట్ల అవతల చెంచురామయ్యకి మాత్రం
సంగతి తెలియదు.

ఆయనకి తెలిసింది మేత కంపెనీ వాళ్ల పెట్టె.
మైపాడు రోడ్డు మలుపులో దాని బోర్డు
తాటిచెట్టంత ఎత్తు.
బోర్డులో రొయ్య నవ్వుతుంటుంది.
దాని కిందుగా పోయినప్పుడల్లా నేనూ నవ్వేవాణ్ణి,
రొయ్యకి పెదాలెక్కడివని.
నెలకి పన్నెండొందలు.
మూడో నెల కట్టలేదని
పెట్టె నోరు మూసుకుంది,
మబ్బు పట్టిన ఆ రాత్రే.

పొద్దున్నే పోయాను.
గట్టు పొడుగునా తెల్లగా
ఎవరో బియ్యం ఒలకబోసినట్టు.
నలభై కౌంటు. ఇంకో పది రోజుల్లో పట్టుబడి.
ఆయన ఏడవలేదు.
"ఏందబ్బయ్యా, నీ కాడ అట్టాంటిది ఉండాదంట గదా.
ఊరికే ఇస్తావంట గదా.
మరి చెప్పకుండా గమ్మునుంటివే?"

నా దగ్గర జవాబులున్నాయి, చాలా.
చెప్పుకుంటే చులకనని,
మంచి సరుకు తన కాళ్లమీద తనే తిరుగుతుందని,
సొంత డబ్బా కొట్టుకునేవాళ్లని చూసి చూసి
నోరు తెరవాలంటేనే రోత పుట్టిందని.
ఒక్కటీ ఆ గట్టుమీద నిలబడలేదు.

ఇంటికొస్తుంటే చేపల బుజ్జమ్మ,
ఎప్పటి మలుపులో ఎప్పటి అరుపు:
"వంజరం! మొప్పలెత్తి చూసుకోండమ్మా, మొప్పలు!"
నిన్నటి చేపైతే నిన్నటిదనే అరుస్తుంది,
సగం ధర చెప్పి.
ఇరవయ్యేళ్లుగా వింటున్న గొంతు,
ఆ రోజు విన్నాను.

ట్రంకు రోడ్డులో ఐదొందల కరపత్రాలు వేయించాను.
నంబర్ వన్ అని రాయలేదు.
"ఊరికే ఇస్తాను. కరెంటు పోతే పనిచేయదు,
బ్యాటరీ పెట్టుకోండి.
కడ్డీని వారానికోసారి తుడవండి,
తుడవకపోతే అబద్ధం చెబుతుంది."
కింద నా పేరు, ఫోను నంబరు.
పేరు దగ్గర చెయ్యి వణికింది.
మేత కొట్లలో, ఐసు ఫ్యాక్టరీ గోడకి,
కోవూరు బస్సు వెనక అంటించాను.
"ఇందులో నీకెంత మిగులుద్ది?" అన్నాడొకాయన.
ఏమీ లేదంటే
అప్పుడు అనుమానపడ్డాడు.

ఇప్పుడు ఫోను మోగుతూనే ఉంది.
విడవలూరు నుంచి, గంగపట్నం నుంచి,
నేను పేరైనా వినని దిబ్బల నుంచి.
కడ్డీ వంగిందని, పెట్టెలో చీమలు దూరాయని,
వచ్చి మా మరిదికి నేర్పిపొమ్మని.
ఒకడు తిట్టాడు కూడా,
ఊరికే వచ్చింది ఇట్టాగే ఏడుస్తుందని.
అప్పుడు తెలిసింది,
ఇన్నాళ్లూ వినయమని నేను దాచుకున్నది
నా నిద్ర.

చెంచురామయ్య ఈ పంట వేయలేదు.
చెరువు ఎండగట్టాడు, అడుగంతా బీటలు.
కరపత్రం ఒకటి అడిగి తీసుకున్నాడు.
చదవలేదు.
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మూడున్నర.
మోగుతోంది.
చెరువో, మనిషో,
ఎత్తితే గానీ తెలియదు.